పోపుల పెట్టెలోని పొడుగు పేర్లు

(డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థుల ముందు ఒక విశ్రాంత రసాయన శాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. అక్కడక్కడా కుదించిన పాఠం.)

వెనక బెంచీల వాళ్ళకి వినిపిస్తోందా? సరే.

బల్ల మీద ఈ స్టీలు డబ్బా చూసి ఇందాకటి నుంచి మీలో మీరే నవ్వుకుంటున్నారు. అవును, పోపుల పెట్టే. మా ఇంటి నుంచే తెచ్చాను. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు ఇంట్లో ఒంపేసి, ఆ గిన్నెల్లో ఇవాళ్టి పాఠానికి కావలసినవి పోసుకొచ్చాను. పసుపు, ఎండుమిర్చి, లవంగాలు, శొంఠి కొమ్ము. పక్కన అల్లం ముక్క, ఒక గ్లాసు నీళ్ళు, చిన్న సీసాలో సున్నం. సున్నం సంగతి చివర్న చెప్తాను.

నాకిచ్చిన విషయం, ఒకటి కన్నా ఎక్కువ ప్రమేయ సమూహాలున్న కర్బన సమ్మేళనాలకి పేర్లు పెట్టడం. అణువు గుణాన్ని నిర్ణయించే పరమాణువుల గుంపులే ప్రమేయ సమూహాలు; ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్ళకి ఫంక్షనల్ గ్రూపులు. ఇదంతా మీకు ఇంటర్లోనే అయిపోయింది. ఏ సమూహం పెద్దదో చెప్పే ఒక పట్టిక బట్టీ పట్టారు, ఎంట్రన్సు పరీక్షలో ఒక బిట్టు పెట్టారు, మర్చిపోయారు. మిమ్మల్ని తప్పు పట్టను. ముప్పై ఏళ్ళు ఆ పట్టికని అలాగే బట్టీ పట్టించినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఈ మధ్యాహ్నం భోజనంలో మజ్జిగ తాగారా? మజ్జిగ పులుపు లాక్టిక్ ఆమ్లం. మూడు కార్బన్లు. ఒక చివర కార్బాక్సిలిక్ ఆమ్ల సమూహం, మధ్య కార్బన్ మీద ఓహెచ్, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జత. ఇది ఆమ్లమా, ఆల్కహాలా? రెండూ. మరి పేరులో ఎవరు పెద్ద? ఆమ్లం పెద్ద. అందుకని పేరు చివర ఆమ్లం వస్తుంది, ఓహెచ్ ముందుకెళ్ళి హైడ్రాక్సీ అవుతుంది. 2-హైడ్రాక్సీప్రొపనోయిక్ ఆమ్లం. మనం ఇవాళ చూడబోయే పేర్లన్నిటి పద్ధతీ ఇదే. పెద్దది ఒక్కటే తోకలో ఉంటుంది. మిగిలినవన్నీ, ఎన్ని ఉన్నా సరే, ముందుకెళ్ళి నిలబడాలి.

ఇంత పొడుగు పేరు చూడగానే పిల్లలకి టెన్షన్ ఎందుకొస్తుందంటే, ఎడమ నుంచి చదవడం మొదలుపెడతారు. అలా చదవకండి. తెలుగువాళ్ళం మనకి ఈ అలవాటు పుట్టుకతోనే ఉంది. “మా పెదనాన్నగారి పాత ఇంటి వెనక రాతి బావి” అన్నాననుకోండి. నేను చెప్తున్నది పెదనాన్న గురించా, ఇంటి గురించా? బావి గురించి. బావి అన్న మాట వినేదాకా మీ చెవి ఆగుతుంది, అది వచ్చాక వెనక్కి వెళ్ళి రాయి, ఇల్లు, పెదనాన్న అని సర్దుకుంటుంది. ఈ రసాయనాల పేర్లూ అంతే. ముందు తోక చూడండి, అది ఏ జాతి సమ్మేళనమో చెప్తుంది. తోకకి ఆనుకొని ఎన్ని కార్బన్ల శృంఖలమో ఉంటుంది. ఆ ముందున్నదంతా అలంకారం.

మొదటి నుంచీ ఇలా ఒక్క తోక లేదు లెండి. 1892లో జెనీవాలో సమావేశమై పేర్లకి మొట్టమొదటి అంతర్జాతీయ నియమాలు పెట్టుకున్నారు. అధ్యక్షుడు చార్ల్స్ ఫ్రీడెల్. ఫ్రీడెల్-క్రాఫ్ట్స్ చర్య అని మీరు చదివారే, ఆ ఫ్రీడెలే. అప్పటి పద్ధతిలో రెండు మూడు రకాల సమూహాలుంటే రెండు మూడు తోకలూ వరసగా అతికించేవారు. ఆల్కహాల్‌కి ఓల్, దాని తర్వాత ఆల్డిహైడ్‌కి ఆల్, ఆల్ తర్వాత ఇంకోటి. కొంతకాలానికి ఆ గొలుసు ఎవరికీ అర్థం కాని స్థితికి వచ్చింది. రసాయన శాస్త్రానికి అంతర్జాతీయ సంస్థ ఐయూపీఏసీ 1919లో ఏర్పడింది. వాళ్ళు 1930లో బెల్జియంలోని లీజ్ నగరంలో పెట్టుకున్న నియమాల్లో, ప్రధాన సమూహం ఒక్కటే ప్రత్యయంగా, అంటే తోకగా రావాలి, మిగతావి పేరు ముందు చేరాలి అన్నారు. మీ పట్టిక అక్కడి నుంచి వచ్చింది. ఒక్క కుర్చీయే ఉంటే అందులో ఎవరు కూర్చోవాలో తేల్చుకోవాలి కదా.

ఇప్పుడా పట్టిక. దాన్ని గుర్తుపెట్టుకోవడానికి నేను పిల్లలకి ఒక లెక్క చెప్తుండేదాన్ని. సమూహంలో ఉన్న కార్బన్‌ని పట్టుకోండి. దానికి ఆక్సిజన్, నైట్రోజన్, హాలోజన్ వంటి వాటితో ఎన్ని బంధాలున్నాయో లెక్కపెట్టండి. ద్విబంధాన్ని రెండుగా, త్రిబంధాన్ని మూడుగా లెక్కేయండి. ఆమ్లానికి మూడు. ఎస్టర్, ఆమ్ల క్లోరైడు, ఎమైడ్, అన్నిటికీ మూడే. నైట్రైల్‌కీ మూడే, నైట్రోజన్‌తో త్రిబంధం. తర్వాత రెండు బంధాల వాళ్ళు: ఆల్డిహైడ్, కీటోన్. తర్వాత ఒకటి: ఆల్కహాల్, ఎమీన్. మూడు, రెండు, ఒకటి. పెద్దరికం ఆ వరసలోనే దిగుతుంది. ఒకే మెట్టు మీద ఉన్నవాళ్ళలో ఎవరు ముందన్నది మాత్రం గుర్తుపెట్టుకోవాలి, తప్పదు. సల్ఫోనిక్ ఆమ్లం ఈ లెక్కకి లొంగదు, అది కార్బాక్సిలిక్ ఆమ్లం వెనకే కూర్చుంటుంది. ఈథర్లు, హాలోజన్లు, నైట్రో సమూహం, వీళ్ళకి తోకలో కూర్చునే యోగం ఎప్పుడూ లేదు. ద్విబంధం, త్రిబంధం ఈ పోటీలోకే రావు, శృంఖలం పేరులో ఈన్ అనో ఐన్ అనో మధ్యలో సర్దుకుంటాయి.

ఇక పెట్టె తెరుద్దాం.

ముందు పెట్టెలో లేనిది ఒకటి చెప్పాలి. ఐస్‌క్రీములో వెనిలా వాసన. ఆ వాసన వెనిలిన్ది. ఒక బెంజీన్ వలయం, ఆరు కార్బన్ల ఉంగరం. దాని మీద మూడు సమూహాలు: ఆల్డిహైడ్, ఓహెచ్, మిథాక్సీ (ఆక్సిజన్ ద్వారా తగిలిన మిథైల్). ఎవరు పెద్ద? రెండు బంధాల వాడు ఆల్డిహైడ్. కాబట్టి తోక బెంజాల్డిహైడ్, నంబరు ఒకటి దానికే. ఇప్పుడు వలయం చుట్టూ ఏ వైపు తిరగాలి? ఒక వైపు తిరిగితే మిగతా రెండూ 3, 4 స్థానాల్లో వస్తాయి, ఇంకో వైపు తిరిగితే 4, 5. తక్కువది తీసుకుంటాం. మిథాక్సీ మూడులో, ఓహెచ్ నాలుగులో. పేరు 4-హైడ్రాక్సీ-3-మిథాక్సీబెంజాల్డిహైడ్.

ఆ, చెయ్యి ఎత్తావు, అడుగమ్మా.

(విద్యార్థిని: మూడు ముందు రావాలి కదా మేడమ్? నాలుగు ముందు ఎందుకు రాశారు?)

మంచి ప్రశ్న. పేరులో వరస అంకెలది కాదు, అక్షరాలది. ఏ అక్షరాలు? ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు బోర్డు మీద ఇదే పేరు రాస్తూ మిథాక్సీ ముందు, హైడ్రాక్సీ తర్వాత రాశాను. ఎందుకంటే నా తలలో ఉన్నది మన వర్ణమాల. మన వర్ణమాలలో ‘మ’ ముందు, ‘హ’ ఎక్కడో చివర. ఇంగ్లీషులో తారుమారు. పిల్లలు నవ్వలేదు కానీ, ఇంటికెళ్ళి పుస్తకం చూసుకున్నాక నాకే సిగ్గేసింది. క్లోరో, బ్రోమో రెండూ ఉంటే చూడండి. మన లెక్కలో ‘క’ ముందు, వాళ్ళ లెక్కలో ‘బి’ ముందు. కాబట్టి బ్రోమో ముందు రావాలి. తెలుగులో రాస్తున్నా సరే, వరస మాత్రం ఇంగ్లీషు అక్షరాలదే. డై, ట్రై లాంటి సంఖ్యల అక్షరాలు ఈ లెక్కలోకి రావు. తెలుగు మీడియం పిల్లలు ఇక్కడ పోగొట్టుకున్న మార్కులు ఎన్నో నేను దిద్దాను. ఏ పుస్తకంలోనూ ఈ హెచ్చరిక పెట్టరు, అది నాకు కోపం.

ఈ వెనిలిన్ వలయాన్ని బాగా గుర్తుపెట్టుకోండి. నాలుగులో హైడ్రాక్సీ, మూడులో మిథాక్సీ. ఈ పెట్టెలో ఉన్న ప్రతి గిన్నెలోనూ ఇదే వలయం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

లవంగం. నోట్లో వేసుకుంటే నాలుక మొద్దుబారుతుంది, పన్ను నొప్పికి పెట్టుకుంటాం. అందులోది యూజెనాల్. అదే వలయం, అదే ఓహెచ్, పక్కనే అదే మిథాక్సీ. వెనిలిన్లో ఆల్డిహైడ్ ఉన్న చోట ఇక్కడ మూడు కార్బన్ల చిన్న కొమ్మ, చివర ద్విబంధం. ఆల్డిహైడ్ లేదు. ఇప్పుడు పెద్ద ఎవరు? ఇందాకటి దాకా అణిగి ఉన్న ఓహెచ్. ఇప్పుడు తోక ఫీనాల్, నంబరు ఒకటి ఓహెచ్‌ది, మిథాక్సీ రెండు, కొమ్మ నాలుగు. 2-మిథాక్సీ-4-(ప్రొప్-2-ఈన్-1-ఐల్)ఫీనాల్. అణువులో ఓహెచ్ ఉన్న చోటు మారలేదు, దాని పేరూ నంబరూ మారాయి. ఒకే మనిషి పుట్టింట్లో కూతురు, అత్తింట్లో కోడలు. పెద్దవాళ్ళు ఊరెళ్తే ఇంటి పెత్తనం కూడా ఆవిడదే.

ఇంకో సంగతి. వెనిలిన్ని ప్రయోగశాలలో మొదట 1874లో టీమన్, హార్మన్ అనే ఇద్దరు జర్మన్లు తయారు చేశారు. వాళ్ళు వాడిన ముడిసరుకు దేవదారు జాతి చెట్లలో దొరికే కోనిఫెరిన్. తర్వాత లవంగ నూనెలోని యూజెనాల్ నుంచి కూడా చేసి అమ్మారు. రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏం చెయ్యాలో పేరే చెప్తుంది. ఓహెచ్‌ని, మిథాక్సీని ముట్టుకోకూడదు, ఆ కొమ్మ ఒక్కదాన్నీ తుంచి అక్కడ ఆల్డిహైడ్ మిగల్చాలి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, అల్లం.

పచ్చి అల్లంలో ఘాటు జింజెరాల్ది. మన వలయం ఒక చివర. దానికి తగిలించి పది కార్బన్ల శృంఖలం. ఆ శృంఖలంలో ఒక చోట కీటోన్, ఇంకో చోట ఓహెచ్. మొత్తం అణువులో పెద్ద ఎవరు? కీటోన్. కీటోన్ ఎక్కడుంది? వలయం మీద కాదు, శృంఖలంలో. కాబట్టి శృంఖలమే మూలం. ఆ అందమైన వలయం మొత్తం ఇక్కడ ఒక ప్రతిక్షేపకం, అంటే మూలానికి తగిలించిన కొమ్మ అయిపోతుంది. నంబరింగ్ వలయం వైపు నుంచి మొదలుపెడితే కీటోన్ 3, అటు నుంచి మొదలుపెడితే 8. మూడే కావాలి. పేరు 5-హైడ్రాక్సీ-1-(4-హైడ్రాక్సీ-3-మిథాక్సీఫినైల్)డెకన్-3-ఓన్. వెనక నుంచి చదవండి. ఓన్, కీటోన్. మూడో కార్బన్ మీద. డెకన్, పది కార్బన్లు. ఒకటో కార్బన్‌కి వలయం. అయిదో కార్బన్‌కి ఓహెచ్. అయిపోయింది, అణువు బొమ్మ మీ కళ్ళ ముందుంది. భయపడాల్సింది ఏముంది?

ఒక్క మాట, డెకేన్ అన్నది డెకన్ ఎందుకయింది? డెకేన్ చివర ఇంగ్లీషు ‘ఇ’ ఉంది. తర్వాత వచ్చే ఓన్ అచ్చుతో మొదలవుతోంది. అచ్చు వస్తే ముందరి ‘ఇ’ పోతుంది. బడిలో ఉత్వ సంధి చదివారు కదా, రాముడు, అతడు కలిస్తే రాముడతడు. అదే ఇది. తర్వాత హల్లు వస్తే సంధి లేదు, ‘ఇ’ అలాగే ఉంటుంది. చింతపండులో పులుపు టార్టారిక్ ఆమ్లం చూడండి, 2,3-డైహైడ్రాక్సీబ్యూటేన్‌డైఓయిక్ ఆమ్లం. బ్యూటేన్ తర్వాత ‘డ’ వచ్చింది కాబట్టి బ్యూటేన్ చెక్కుచెదరలేదు. ఐయూపీఏసీ వాళ్ళు తెలుగు వ్యాకరణం చదివారని నేను అనను గానీ. (నవ్వులు)

మళ్ళీ అల్లానికి. ఎండబెడితే శొంఠి అవుతుంది. శొంఠి ఘాటు పచ్చి అల్లం ఘాటు కన్నా ఎక్కువని మీ అమ్మమ్మ చెప్పే ఉంటుంది. ఎండుతున్నప్పుడు జింజెరాల్ నుంచి ఒక నీటి అణువు ఊడిపోతుంది. అయిదులో ఉన్న ఓహెచ్ పోయి, నాలుగు అయిదు మధ్య ద్విబంధం వస్తుంది. ఇది షోగావోల్. అల్లానికి జపాన్ భాషలో ఉన్న మాట నుంచి పెట్టిన పేరు. దీని పొడుగు పేరు 1-(4-హైడ్రాక్సీ-3-మిథాక్సీఫినైల్)డెక్-4-ఈన్-3-ఓన్. ముందున్న 5-హైడ్రాక్సీ మాయమైంది, మధ్యలో 4-ఈన్ వచ్చింది. అల్లాన్ని ఎండలో పెట్టి తీసిన సంగతి మొత్తం ఆ ఒక్క మార్పులో ఉంది.

అల్లాన్ని వండితే ఘాటు తగ్గి, కాస్త తియ్యటి వాసన వస్తుంది. అది జింజెరోన్. వేడికి జింజెరాల్ శృంఖలం తెగిపోయి నాలుగు కార్బన్లే మిగులుతాయి. దీని పేరు 4-(4-హైడ్రాక్సీ-3-మిథాక్సీఫినైల్)బ్యూటన్-2-ఓన్. ఇక్కడ ఆగండి. ఇందాక వలయం ఒకటో కార్బన్ మీద ఉంది, ఇప్పుడు నాలుగో కార్బన్ మీద ఉందంటున్నాను. వలయం జరిగిందా?

(విద్యార్థి: నంబరింగ్ అటు నుంచి మొదలుపెట్టారు మేడమ్.)

శభాష్. వలయం ఉన్న చోటే ఉంది. వలయానికీ కీటోన్‌కీ మధ్య అప్పుడూ ఇప్పుడూ రెండే కార్బన్లు. కానీ శృంఖలం పొట్టిదైంది. వలయం వైపు నుంచి లెక్కపెడితే కీటోన్ 3, అవతలి నుంచి లెక్కపెడితే 2. పెద్దాయన తక్కువ నంబరు కోరతాడు, కాబట్టి అవతలి నుంచి మొదలుపెట్టాం. పేరులో నంబరు మారిందని అణువులో ఏదో జరిగిందనుకోవద్దు.

నంబర్ల గురించి ఇంకో పాత జబ్బు ఉంది. నంబర్లన్నీ కూడి, మొత్తం తక్కువ వచ్చిన వైపు తీసుకోవాలని కోచింగుల్లో చెప్తుంటారు. తప్పు. పది కార్బన్ల శృంఖలం మీద మూడు మిథైల్స్ ఉన్నాయి. ఒక వైపు నుంచి 2,7,8, ఇంకో వైపు నుంచి 3,4,9. కూడితే మొదటిది 17, రెండోది 16. మొత్తం చూస్తే రెండోది గెలవాలి. కానీ సరైనది 2,7,8. మొదటి తేడా ఎక్కడ వచ్చిందో అక్కడే తీర్పు అయిపోతుంది. రెండుకీ మూడుకీ పోటీ, రెండు గెలిచింది, అంతే.

నైట్రైల్ గురించి కూడా ఒక్క ముక్క. అది తోకగా ఉన్నప్పుడు దాని కార్బన్ శృంఖలంలో లెక్కకొస్తుంది. దానికన్నా పెద్దవాడొచ్చి అది సయనోగా ముందుకెళ్తే దాని కార్బన్ లెక్కకి రాదు. పరీక్షలో సగం తప్పులు ఇక్కడే.

ఎండుమిర్చి. గుంటూరు యార్డు పక్క నుంచి వెళ్ళినవాళ్ళకి బస్సులోనే తుమ్ములొస్తాయి. ఆ మంట క్యాప్సైసిన్. ఆ పేరు పెట్టింది థ్రెష్ అనే ఇంగ్లీషాయన, 1876లో. ఇందులోనూ మన వలయమే. వలయానికి ఒక కార్బన్, ఆ కార్బన్‌కి నైట్రోజన్, ఆ నైట్రోజన్‌కి తొమ్మిది కార్బన్ల ఎమైడ్. ఎమైడ్ మూడు బంధాల వాడు, ఓహెచ్ ఒక బంధం వాడు, ఇక పోటీ ఏముంది? ఎన్-[(4-హైడ్రాక్సీ-3-మిథాక్సీఫినైల్)మిథైల్]-8-మిథైల్‌నోన్-6-ఈనమైడ్. ఆరో కార్బన్ దగ్గరున్న ద్విబంధం ట్రాన్స్ పద్ధతిలో, అంటే శృంఖలం రెండు కొసలూ చెరో వైపు ఉండేలా ఉంటుంది, దానికి ముందు ఇంకో గుర్తు చేరుస్తారు. మొదట్లో ఉన్న ‘ఎన్’ ఏమిటని ప్రతి ఏడూ అడుగుతారు. ఆ గుంపు తగిలింది కార్బన్‌కి కాదు, నైట్రోజన్‌కి అని. కార్బన్‌కి అంకె ఉంది, నైట్రోజన్‌కి ఇక్కడ అంకె లేదు కాబట్టి దాని గుర్తునే రాస్తారు. మీకు జ్వరం వస్తే వేసుకునే పారాసిటమాల్ కూడా ఇలాంటిదే, ఎన్-(4-హైడ్రాక్సీఫినైల్)ఇథనమైడ్. మిరపకాయలో ఆ తొమ్మిది కార్బన్ల శృంఖలానిది నూనె స్వభావం. అందుకే కారం తగిలితే నీళ్ళు తాగినా లాభం లేదు, పెరుగో పాలో కావాలి.

శృంఖలం ఎంచుకోవడంలో ఒక గొడవ ఉంది. పాత నియమాల్లో ద్విబంధం ఉన్న శృంఖలానికే ప్రాధాన్యం, అది కాస్త పొట్టిదైనా. 2013 సిఫార్సుల్లో పొడుగే ముందన్నారు. మీ పుస్తకం పాతదాన్నే పట్టుకుని ఉంటే, పరీక్షలో పుస్తకం చెప్పినట్టే రాయండి.

చివరిది పసుపు. దుగ్గిరాలది కావచ్చు, నిజామాబాద్ది కావచ్చు, లోపలి పచ్చదనం కర్క్యుమిన్‌దే. 1815లో దీన్ని విడదీశారు, నిర్మాణం తేలడానికి 1910 దాకా పట్టింది. ఇందులో మన వలయం ఒకటి కాదు, రెండు. మధ్యలో ఏడు కార్బన్ల వంతెన. వంతెన మీద రెండు కీటోన్లు, రెండు ద్విబంధాలు. ఎటు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది, కాబట్టి నంబరింగ్ గొడవ లేదు. 1,7-బిస్(4-హైడ్రాక్సీ-3-మిథాక్సీఫినైల్)హెప్టా-1,6-డైఈన్-3,5-డైఓన్. రెండు వలయాలకి డై అనకుండా బిస్ అన్నాం, ఎందుకంటే ఆ కుండలీకరణంలో ఉన్న పేరే ఒక పెద్ద పేరు. దాని ముందు డై పెడితే, లోపల దేనికో తగిలిందేమో అని చదివేవాళ్ళు తికమకపడతారు.

ఇప్పుడు సున్నం. ఇదిగో, గ్లాసులో పసుపు కలిపాను. పచ్చగా ఉంది. సున్నం వేస్తున్నాను... చూశారా? దిష్టి తీసే ఎర్రనీళ్ళు. కొత్త పెళ్ళికూతుర్ని గుమ్మంలో నిలబెట్టి తిప్పి పోసే నీళ్ళే ఇవి. సున్నం క్షారం. కర్క్యుమిన్‌లోని ఓహెచ్‌ల నుంచి హైడ్రోజన్‌ని లాగేసుకుంది. ఆక్సిజన్ మీద ఋణావేశం మిగిలింది. రంగు మారింది.

(విద్యార్థిని: రంగు మారితే పేరు కూడా మారుతుందా మేడమ్?)

ఇది నేను అడగాలనుకున్న ప్రశ్న, నువ్వు అడిగేశావు. మారుతుంది. ఐయూపీఏసీ వరసలో ఋణావేశం ఉన్న సమూహం మామూలు సమూహాలన్నిటి కన్నా పైన, ఆమ్లం కన్నా కూడా పైన. ఇప్పటిదాకా ఏ గిన్నె చూసినా కీటోన్ దగ్గరో ఎమైడ్ దగ్గరో తలొంచుకుని హైడ్రాక్సీగా ఉన్న ఓహెచ్, హైడ్రోజన్ పోగొట్టుకున్నాక వచ్చి తోకలో కూర్చుంటుంది. ఓన్ కాస్తా పక్కకి జరిగి ఆక్సో అవుతుంది. తోక ఫీనోలేట్. వలయం మూలం అవుతుంది, వంతెన ప్రతిక్షేపకం అవుతుంది, నంబర్లన్నీ మొదటి నుంచి మళ్ళీ వెయ్యాలి.

వేసి చూపించను. రెండు వలయాల మీదా ఆవేశం ఉందనుకుని ఆ పేరు మీరే రాసి రేపు మీ సార్‌కి ఇవ్వండి. పెట్టె ఇక్కడే వదిలి వెళ్తున్నాను, చూసుకుంటూ రాయండి. లవంగాలు మాత్రం లెక్కపెట్టే తెచ్చాను.